పీఎస్‌డీ ఎలా చెయ్యాలి: డ్రమ్ము దగ్గర స్కూప్ పట్టిన దగ్గర్నుంచి రిపోర్ట్ దాకా

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల క్యూసీలో, అంటే నాణ్యత చూసే ల్యాబ్‌లో, కొత్తగా చేరే పిల్లలకి హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే మెషిన్) అంటే భయం, పీఎస్‌డీ, అంటే పౌడర్‌లో ఏ సైజు గింజలు ఎంతున్నాయో చూసే పార్టికల్ సైజ్ డిస్ట్రిబ్యూషన్ టెస్ట్, అంటే లోకువ. "ఏటుందన్నా అందులో, పౌడరెయ్యడం, స్టార్ట్ నొక్కడం, ప్రింట్ తియ్యడమే కదా" అని మొదటి వారంలో అందరూ అంటారు, నేనూ అన్నాను. కాయితం మీద ఉండేవి మూడే నంబర్లు, డీ10, డీ50, డీ90, వాటిని చూసి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఈ మెషిన్‌తో ఉన్న తిరకాసు ఏంటంటే మీరు సరిగ్గా చేసినా తప్పుగా చేసినా అది మాత్రం నీటుగా ఒక గ్రాఫ్ గీసి మూడు నంబర్లు చేతిలో పెట్టేస్తుంది. హెచ్‌పీఎల్‌సీలో తేడా వస్తే పీక్ వంకరగా వస్తుంది, రిటెన్షన్ టైమ్ జరుగుతుంది, ఏదో ఒకటి కంటికి కనబడుతుంది. ఇక్కడ పౌడర్ బదులు గాలి బుడగల్ని కొలిచినా గ్రాఫ్ అందంగానే ఉంటుంది. అందుకే బటన్ల కంటే వాటికి ముందు చేసే పని గురించే ఎక్కువ రాస్తున్నాను, బటన్లు ఎలాగూ మీ ఎస్ఓపీలో ఉంటాయి.

ముందు ఆ మూడు నంబర్ల సంగతి

మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. డీ50 వంద మైక్రాన్లు అంటే పౌడర్‌లో సగం వంద లోపు, సగం వంద పైన. అలాగే డీ10 లోపు పది శాతం, డీ90 లోపు తొంభై శాతం ఉంటుంది. సగం అంటే గింజల లెక్కలో సగం అనుకుంటారు చాలామంది, అక్కడే పొరపాటు. లేజర్ మెషిన్ చెప్పేది వాల్యూమ్ లెక్క, జల్లెడ చెప్పేది బరువు లెక్క.

పలాస జీడిపప్పు గ్రేడ్లు మన జిల్లాలో తెలియనిదెవరికి? డబ్ల్యూ180 అంటే పౌనుకి అంటే 454 గ్రాములకి 180 పప్పుల దాకా తూగే పెద్ద రకం, డబ్ల్యూ320 అంటే 320 దాకా తూగే చిన్న రకం. కిలో 180, కిలో 320 కలిపేస్తే బరువు లెక్కలో సగం సగమే, కానీ ఒక్కొక్కటీ ఏరి లెక్కపెడితే పెద్దవి ఇంచుమించు నాలుగొందలు, చిన్నవి ఏడొందలు వస్తాయి, అంటే పెద్దవి మూడో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. పప్పుల్లో తేడా చిన్నది కాబట్టి ఇంతతో పోయింది. పౌడర్‌లో 10 మైక్రాన్ల గింజ ఒక్కటి, 1 మైక్రాన్ గింజలు వెయ్యి, రెండిటి వాల్యూమ్ ఒకటే. కాబట్టి డీ90 అనేది నాలుగు పెద్ద గింజలు ఎక్కువ పడినా తక్కువ పడినా ఎగిరి గంతేసే నంబర్, మన ఫెయిల్యూర్లు ఎక్కువ దాని దగ్గరే. స్పాన్ అని ఇంకోటి రాస్తారు, డీ90లోంచి డీ10 తీసేసి డీ50తో భాగించడం, పౌడర్ ఎంత వెడల్పుగా పరుచుకుందో అది చెప్తుంది.

ఈ గోలంతా ఎందుకంటే, గింజ చిన్నదైతే పైభాగం పెరిగి మందు తొందరగా కరుగుతుంది. గ్రిసియోఫుల్విన్ అనే ఫంగస్ మందుని మైక్రనైజ్ చేశాక (కొన్ని మైక్రాన్ల సైజుకి మెత్తగా పొడి చేశాక) డోసే తగ్గించుకోగలిగారు. ఊపిరితిత్తుల్లోకి పీల్చే మందులైతే 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య లేకపోతే గొంతులోనే ఆగిపోతాయి లేదా ఊపిరితో బయటికి పోతాయి. మరీ మెత్తగా చేస్తే ట్యాబ్లెట్ వాళ్ళ హోపర్‌లో పౌడర్ జారక వాళ్ళు మొత్తుకుంటారు.

శాంపిల్ తియ్యడం, అక్కడే పుట్టి మునుగుతుంది

బ్యాచ్ 300 కిలోలు అనుకోండి, అంటే మూడు లక్షల గ్రాములు, మెషిన్‌లోకి వెళ్ళేది గ్రామో అంతకంటే తక్కువో. ఆ గ్రాము మొత్తం బ్యాచ్ తరఫున మాట్లాడాలి.

నేను చేరిన ఏడాదే బీ షిఫ్ట్‌లో ఒక బ్యాచ్ వచ్చింది, పంచదారలా జారే క్రిస్టల్స్, స్పెక్ (ఒప్పుకున్న హద్దు) ప్రకారం డీ90 300 మైక్రాన్లు మించకూడదు, నాకు 318 వచ్చింది. మళ్ళీ ఒకసారి పెట్టేద్దామని చెయ్యి పోతుంటే మా సీనియర్ ఆపేశారు, పాసయ్యేదాకా పెట్టుకుంటూ పోవడం మన పని కాదు, ముందు ఓఓఎస్ (రిజల్ట్ స్పెక్ దాటిందనే రిపోర్ట్) ఎత్తు అన్నారు. ఇన్వెస్టిగేషన్‌లో అదే బాటిల్ అడుగు నుంచి తీసి పెడితే 262. ప్రొడక్షన్ వాళ్ళు "ఏటిది బావూ, ఒక్క బాటిల్లో రెండు పౌడర్లున్నాయేటి?" అని నవ్వుతున్నారు, నాకేమో చెమటలు. సీనియర్ బాటిల్ చేతిలోకి తీసుకుని అడిగిన మొదటి మాట, "మూత తీసే ముందు బల్లకేసి కొట్టేవేటి?" కొట్టాను మరి. మూతకి అంటుకున్న పౌడర్ కిందికి దిగాలని టకటకా నాలుగు దెబ్బలు వేసే అలవాటు నాకు కాలేజీ నుంచీ ఉంది. దానికి ముందు ఆ బాటిల్ ట్రాలీ మీద గతుకుల్లో వేర్‌హౌస్ నుంచి వచ్చింది. మిక్చర్ డబ్బా అడుగున ఎప్పుడూ పొడే ఎందుకు మిగులుతుందో ఇదీ అందుకే, కుదిపితే సన్నవి సందుల్లోంచి కిందికి దిగిపోతాయి, పెద్దవి పైకి తేలతాయి. నేను పైపైన స్పాచులాతో తీసుకున్నది పెద్ద గింజల్ని.

అందుకని మీరు చెయ్యాల్సింది ఇది. డ్రమ్ముల్లో పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి శాంపిల్ థీఫ్‌తో (కావలసిన లోతు నుంచి పౌడర్ తీసే పొడవాటి గొట్టం) తియ్యండి, ఒక్క స్కూపుతో పైన గీకి తెచ్చుకోవద్దు. ల్యాబ్‌లో బాటిల్‌ని మూడు వంతులకి మించి నింపకుండా, అడ్డంగా పట్టుకుని మెల్లగా దొర్లిస్తూ తలకిందులు చేస్తూ ఒక ఇరవై సార్లు తిప్పండి, గిలక్కాయలా ఊపొద్దు. స్పిన్నింగ్ రిఫ్లర్ (తిరిగే గిన్నెల్లోకి పౌడర్‌ని సమానంగా పంచే మెషిన్) ఉంటే అదే వాడండి, దాన్ని మించింది లేదు. లేనివాళ్ళు కోనింగ్ అండ్ క్వార్టరింగ్ చేస్తారు, కాయితం మీద కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు కలుపుకోవడం. మెత్తగా అంటుకునే పౌడర్‌కి అది పర్వాలేదు గానీ జారే పౌడర్‌కి కుప్ప పోస్తున్నప్పుడే పెద్ద గింజలు అంచులకి దొర్లిపోతాయి, కళ్ళాంలో ధాన్యం రాశి పోసినప్పుడు చూసే ఉంటారు.

వెట్ పద్ధతికైతే, అంటే పౌడర్‌ని ద్రవంలో కలిపి లేజర్‌తో కొలిచేటప్పుడు, నాకు నచ్చిన చిట్కా ఒకటుంది. కొద్దిగా పౌడర్ వాచ్ గ్లాస్‌లో వేసి, డిస్పర్సెంట్ (పౌడర్‌ని కలిపే ద్రవం) నాలుగు చుక్కలు వేసి పేస్ట్‌లా కలిపి, ఆ పేస్ట్ నుంచి తీసుకుని మెషిన్‌లో వెయ్యండి. పేస్ట్‌లో గింజలు కదలవు కాబట్టి సన్నవీ పెద్దవీ విడిపోవు.

మైక్రోస్కోప్ కింద ఒక్కసారి చూడండి

ఈ స్టెప్ ఎవరూ చెయ్యరు, చేస్తే సగం తలనొప్పి పోతుంది. స్లైడ్ మీద చిటికెడు పౌడర్, ఒక చుక్క లిక్విడ్ పారాఫిన్, కవర్ స్లిప్ వేసి 10ఎక్స్‌లో చూడండి. విడివిడి గింజలా, ముద్దలా, గుండ్రంగా ఉన్నాయా, సూదుల్లా ఉన్నాయా, పెద్దవి ఏ మాత్రం ఉన్నాయి, అంతే. లేజర్‌కైనా జల్లెడకైనా లోకంలో ప్రతి గింజా బంతే. సూదిలాంటి క్రిస్టల్ జల్లెడలో నిలువుగా పడితే, బియ్యపు గింజ నూక జల్లెడలోంచి జారినట్టు, దాని వెడల్పుని బట్టి దూరిపోతుంది, అదే లేజర్‌లో పొడవూ వెడల్పూ కలిసిపోయి ఇంకేదో వస్తుంది. రెండు పద్ధతుల రిజల్ట్ కలవలేదని గాబరా పడేముందు గింజ ఆకారం చూడండి. మైక్రోస్కోప్‌లో 50 మైక్రాన్లు దాటింది ఒక్కటీ కనబడకుండా మెషిన్ మాత్రం 200 దగ్గర పీక్ చూపిస్తుంటే ఆ పీక్ మీ పౌడర్‌ది కాదన్నమాట.

జల్లెడ పద్ధతి

పౌడర్‌లో కనీసం 80 శాతం 75 మైక్రాన్ల కంటే పెద్దదైతే జల్లెడ హాయి. యూఎస్‌పీ (అమెరికా మందుల ప్రమాణాల పుస్తకం) 786లో ఉంటుంది. మెష్ నంబర్ పెరిగేకొద్దీ కన్ను చిన్నదవుతుంది: 40 మెష్ 425 మైక్రాన్లు, 60 మెష్ 250, 80 మెష్ 180, 100 మెష్ 150, 140 మెష్ 106, 200 మెష్ 75. ఇవి ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణం) లెక్క, బీఎస్ఎస్ (బ్రిటిష్ ప్రమాణం) జల్లెడల్లో కొన్ని నంబర్లు వేరే ఉంటాయి, కాబట్టి రిపోర్ట్‌లో మెష్‌తో పాటు మైక్రాన్ కూడా రాయండి, మెష్ ఒక్కటే రాసి పంపితే కస్టమర్ దగ్గర్నుంచి మెయిల్ ఖాయం.

ఖాళీ జల్లెడలన్నీ విడివిడిగా తూచుకోండి, పెద్ద కన్నుది పైన, చిన్నది కింద, అన్నిటికీ అడుగున ప్యాన్. 200 మిల్లీమీటర్ల జల్లెడలకి 25 నుంచి 100 గ్రాముల శాంపిల్. ఎక్కువేస్తే తొందరగా అవుతుందనుకోవద్దు, కళ్ళు మూసుకుపోయి పైనే నిలబడిపోతుంది. ఐదు నిమిషాలు షేకర్ మీద పెట్టి, తీసి తూచి, మళ్ళీ ఐదు నిమిషాలు. ఏ జల్లెడ మీదా బరువు ముందుసారి కంటే 5 శాతం లేదా 0.1 గ్రాము మించి మారకపోతే ఆపొచ్చు. మొత్తం కూడితే మొదట వేసినదానికి 5 శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు, తగ్గితే పౌడర్ గాల్లోకో జల్లెడ అంచుల్లోకో పోయినట్టే. ఒక్క జల్లెడ మీదే సగం పైన ఉండిపోతే మధ్యలో ఇంకో సైజు చేర్చి మళ్ళీ చెయ్యాలి.

ఒక ఉదాహరణ లెక్క చూడండి. 50 గ్రాములు వేస్తే 425 మీద 1.0, 250 మీద 9.0, 180 మీద 14.0, 150 మీద 8.0, 106 మీద 9.5, 75 మీద 5.0, ప్యాన్‌లో 2.7 గ్రాములు వచ్చింది. మొత్తం 49.2, పోయింది 0.8 అంటే 1.6 శాతం, పర్వాలేదు. 180 దాటి కిందికి పోయింది 25.2 గ్రాములు, 49.2తో భాగిస్తే 51.2 శాతం, 150 దాటింది 17.2 గ్రాములు, 35 శాతం. 50 శాతం ఈ రెండిటి మధ్యన పడుతుంది, గీత గీసి చూస్తే డీ50 సుమారు 178 మైక్రాన్లు. అలాగే డీ90 350 దరిదాపుల్లో, డీ10 89 దగ్గర వస్తుంది. భాగించేటప్పుడు 50తో కాదు, దొరికిన 49.2తో భాగించాలి.

జల్లెడలో ఇరుక్కున్న గింజల్ని వేలితో రుద్దేవాళ్ళని, గట్టి బ్రష్‌తో గీకేవాళ్ళని నేను ల్యాబ్‌లోంచి బయటికి పంపించేస్తాను. 200 మెష్ తీగ ఎంత సన్నగా ఉంటుందో చూశారా? ఒక్కచోట సాగితే ఆ జల్లెడ ఇక చెత్తే. తక్కువ ఒత్తిడి గాలితో కొట్టండి, లేదా సోనికేటర్ బాత్‌లో (అల్ట్రాసౌండ్‌తో కుదిపే నీళ్ళ తొట్టి) పెట్టి ఆరబెట్టండి.

లేజర్, వెట్ పద్ధతి

సూత్రం సింపుల్, పెద్ద గింజ వెలుతురుని చిన్న కోణంలో చెదరగొడుతుంది, చిన్న గింజ పెద్ద కోణంలో. ఆ నమూనా చూసి మెషిన్ సైజు లెక్క కడుతుంది, అంటే అది కొలిచేది కాంతిని, సైజుని కాదు. ఐఎస్ఓ 13320, యూఎస్‌పీ 429 రెండూ దీని గురించే. మా దగ్గర మాల్వెర్న్ మాస్టర్‌సైజర్, చాలా చోట్ల అదే ఉంటుంది.

ముందు ద్రవం ఎంచుకోవాలి. పౌడర్ అందులో కరక్కూడదు, కానీ తడవాలి. నీళ్ళలో కరగనిదైతే నీళ్ళే బెస్ట్, పైన తేలిపోతుంటే ట్వీన్ 80 అనే సర్ఫాక్టెంట్ (సబ్బులా పౌడర్‌ని తడిపేది) రెండు చుక్కలు. హైడ్రోక్లోరైడ్ సాల్ట్ లాంటివి నీళ్ళలో కరిగిపోతాయి కాబట్టి వాటికి హెక్సేన్, హెప్టేన్ లాంటివి, సర్ఫాక్టెంట్‌గా స్పాన్ 85 (ఇందాకటి స్పాన్ కాదు, ఇదొక రసాయనం పేరు) వాడతారు. హెక్సేన్ అంటే మంట పక్కన కూర్చున్నట్టే, మీ యూనిట్ సీల్స్ దానికి తట్టుకుంటాయో లేదో కనుక్కున్నాకే పొయ్యండి. మెషిన్‌లో వేసే ముందు బీకర్‌లో వేసి కలిపి ఐదు నిమిషాలు చూడండి, ముద్దలు తేలుతున్నాయా, గాజుకి అంటుకుంటున్నాయా అని. ఈ ఐదు నిమిషాలు మీకు రెండు గంటలు మిగులుస్తాయి.

తర్వాత గాలి. ప్యూరిఫయర్ నుంచి అప్పుడే పట్టిన నీళ్ళలో గాలి కరిగి ఉంటుంది, కాస్త వేడెక్కగానే బుడగలై వంద, రెండొందల మైక్రాన్ల దగ్గర దొంగ పీక్ పెడుతుంది. నీళ్ళు ముందు రోజు రాత్రే పట్టి ఉంచండి లేదా మరిగించి చల్లార్చండి. సర్ఫాక్టెంట్ ఎక్కువైతే నురగ, మళ్ళీ అదే గొడవ.

సెల్ (లేజర్ ముందు ద్రవం పారే గాజు అద్దాల గది) శుభ్రంగా కడిగి, పౌడర్ వెయ్యకముందు వచ్చే సిగ్నల్, అంటే బ్యాక్‌గ్రౌండ్ చూడండి, మొదటి డిటెక్టర్ నుంచి మెట్లు దిగినట్టు సాఫీగా తగ్గాలి. మధ్యలో గుట్టలా లేస్తే అద్దం మీద పాత పౌడర్ ఉన్నట్టు, అలాగే ముందుకెళ్ళిపోతే ఆ మురికి మీ రిజల్ట్‌లో ఉంటుంది. అప్పుడు పౌడర్ కొంచెం కొంచెంగా వేస్తూ ఆబ్‌స్క్యురేషన్ (గింజలు అడ్డుకున్న వెలుతురు శాతం) చూడండి, మామూలుగా 5 నుంచి 15 శాతం మధ్య, మరీ మెత్తటి పౌడర్‌కి తక్కువ వైపే ఉండాలి. ఎక్కువైతే వెలుతురు ఒక గింజని తగిలి ఇంకో గింజని తగులుతుంది, మెషిన్ దాన్ని లేని సన్నపొడిగా లెక్కేసుకుంటుంది.

స్టిర్రర్ స్పీడ్ గుడ్డిగా పెట్టొద్దు. తక్కువైతే పెద్ద గింజలు అడుగునే కూర్చుంటాయి, ఎక్కువైతే బుడగలు. 1500, 2000, 2500, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర డీ90 రాసుకుని, మారకుండా నిలబడే చోటు పట్టుకోండి. సోనికేషన్ కూడా అలాగే, కానీ ఇక్కడ ఆబ్‌స్క్యురేషన్‌ని డీ విలువల్ని పక్కపక్కన పెట్టుకుని చదవడం నేర్చుకోవాలి. సోనికేట్ చేస్తుంటే డీ90 తగ్గుతూ ఆబ్‌స్క్యురేషన్ పెరిగి ఒక చోట రెండూ ఆగిపోతే ముద్దలు విడాయి, మంచిది. ఆగకుండా డీ10 కూడా దిగుతూనే ఉంటే క్రిస్టల్స్ విరుగుతున్నాయి, ఆపెయ్యండి. ఆబ్‌స్క్యురేషన్ పడిపోతుంటే పౌడర్ కరుగుతోంది లేదా అడుక్కి దిగిపోతోంది. సోనికేషన్ ఆపాక డీ90 మళ్ళీ పైకి ఎక్కుతుంటే విడినవి మళ్ళీ అతుక్కుంటున్నాయి, సర్ఫాక్టెంట్ మార్చాలి. నాకు ఒక్క బ్యాచ్ చూపించి ఈ నాలుగు సంగతులు చెప్పగలిగినవాడికి నేను మెథడ్ డెవలప్‌మెంట్ అప్పగించేస్తాను, వాడు ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చేశాడా ఇంకెక్కడ చేశాడా అని అడగను.

రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (పదార్థం వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే నంబర్) అనే గడి సాఫ్ట్‌వేర్‌లో ఒకటుంటుంది. గుస్తావ్ మీ 1908లో ఇచ్చిన థియరీతో లెక్క కట్టాలంటే పౌడర్‌దీ ద్రవానిదీ ఇండెక్స్ ఇవ్వాలి, నీళ్ళకి 1.33, మన ఆర్గానిక్ పౌడర్లకి ఎక్కువగా 1.5 నుంచి 1.7 మధ్య, తెల్ల పౌడర్‌కి అబ్సార్ప్షన్ 0.01 దగ్గర మొదలెట్టొచ్చు. గింజలన్నీ 50 మైక్రాన్లు దాటితే ఇవి కాస్త అటూఇటూ అయినా కొంప మునగదు, ఇండెక్స్ అక్కర్లేని ఫ్రాన్‌హోఫర్ లెక్కతోనూ సరిపోతుంది. పది మైక్రాన్ల లోపు అయితే మాత్రం ఆ గడిలో పక్క ప్రొడక్ట్ నంబర్ అలాగే వదిలేస్తే లేని సన్నపొడి పుట్టుకొస్తుంది. ఫిట్ రెసిడ్యువల్ (కొలిచిన వెలుతురుకీ మెషిన్ లెక్కకీ మధ్య తేడా) ఒక శాతం లోపు వచ్చిందో లేదో చూడండి.

డ్రై పద్ధతి

గాలి ఒత్తిడితో పౌడర్‌ని లేజర్ ముందు నుంచి ఊదడం. త్వరగా అయిపోతుంది, సాల్వెంట్ ఖర్చు లేదు, కానీ ఒత్తిడి ఎంత అన్నదే ప్రశ్న. 0.5, 1, 2, 3, 4 బార్ దగ్గర కొలిచి, ముద్దలు బాగా విడిన వెట్ రిజల్ట్ పక్కన పెట్టి, దానితో కలిసే ఒత్తిడిని తీసుకోండి. నాలుగు బార్లలో చాలాసార్లు నంబర్ చిన్నదే వస్తుంది, గింజలు విరగొచ్చు కాబట్టి. స్పెక్ పాసవ్వడానికి ఒత్తిడి పెంచిన సంగతి ఆడిట్‌లో మొదటి పావుగంటలోనే బయటపడుతుంది. ఆబ్‌స్క్యురేషన్ ఇక్కడ 0.5 నుంచి 6 శాతం లోపు చాలు. ట్రేలో వేసిన పౌడర్ మొత్తం వెళ్ళేదాకా కొలవాలి, మధ్యలో ఆపితే జారే గింజలు ముందు పోయి సన్నపొడి ట్రేలో మిగిలిపోతుంది.

మనకి ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా గాలంతా తడే. తేమ పీల్చే పౌడర్లు ట్రే మీదే ముద్ద కడతాయి, కంప్రెస్డ్ ఎయిర్ లైన్‌లో నీళ్ళు దిగితే ఇంకా అన్యాయం. ఆ రోజుల్లో షిఫ్ట్ మొదట్లో ఎయిర్ డ్రయర్, ఫిల్టర్ బౌల్ చూసి నీళ్ళు వదిలెయ్యండి, బాటిల్ మూత అవసరమైనంతసేపే తియ్యండి.

మెషిన్ లేని కాలేజీ పిల్లలకి

జల్లెడ కంటే సన్నది కొలవాలి, లేజర్ లేదు అంటే నీళ్ళలో దిగే వేగంతో కొలవచ్చు, స్టోక్స్ సూత్రం. సాంద్రత 1.5 ఉన్న 10 మైక్రాన్ల గింజ 20 డిగ్రీల నీళ్ళలో 20 సెంటీమీటర్లు దిగడానికి రెండు గంటలు పడుతుంది, 20 మైక్రాన్లది అరగంటలో దిగుతుంది, మన ఎండాకాలంలో నీళ్ళు పల్చబడి ఇంకాస్త తొందరగా. యాండ్రియాసన్ పిపెట్‌తో టైమ్ ప్రకారం ఒకే లోతు నుంచి తీసి, ఆరబెట్టి తూచడమే. ఓపిక కావాలి, పక్కన ఫ్యాన్ వేసుకోకూడదు, అంతే.

రిజల్ట్ ఇచ్చే ముందు

మెథడ్ వాలిడేషన్‌లో ఆరు వేర్వేరు తూకాలతో చెయ్యండి, ఒకే తూకాన్ని ఆరుసార్లు కొలిస్తే అది మెషిన్ సంగతి చెప్తుంది తప్ప మీ శాంప్లింగ్ సంగతి చెప్పదు. యూఎస్‌పీ 429 లెక్కలో డీ50కి ఆర్‌ఎస్‌డీ (రిజల్ట్స్ ఒకదానికొకటి ఎంత చెదిరాయో చెప్పే శాతం) 10 శాతం, డీ10, డీ90లకి 15 శాతం మించకూడదు, 10 మైక్రాన్ల లోపు పౌడర్లకి దానికి రెండింతల దాకా ఒప్పుకుంటారు. రిపోర్ట్‌లో మూడు నంబర్లతో పాటు వెట్టా డ్రైయా, ద్రవం, సర్ఫాక్టెంట్, స్పీడ్, సోనికేషన్ ఎంతసేపు, ఒత్తిడి, ఆబ్‌స్క్యురేషన్, ఇండెక్స్ విలువలు అన్నీ ఉండాలి. ఇవి లేకుండా డీ90 45 మైక్రాన్లు అని పంపితే అవతలి ల్యాబ్ వాడికి 60 రావచ్చు, ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు.

అయ్యాక సెల్ అద్దాలు అదే రోజు కడగండి, లెన్స్ టిష్యూతో ఒకే వైపు తుడవండి. రెఫరెన్స్ గాజుపూసల స్టాండర్డ్‌తో మీ షెడ్యూల్ ప్రకారం వెరిఫికేషన్ చేసేటప్పుడు ఆ చిన్న సీసాలో ఉన్నదంతా ఒకేసారి వేసెయ్యండి, సగం దాచుకుని రేపటికి ఉంచుకుంటే అందులోనూ సన్నవి అడుక్కి దిగుతాయి. పొదుపు చేద్దామని అదీ చేశాను నేను, వెరిఫికేషన్ ఫెయిలై రాత్రి రెండింటి దాకా ల్యాబ్‌లోనే ఉన్నాను.